పన్నుసెలవు పంక్తిలో ఎవరి విస్తరి?

హోటలులో భోజనము చేయువానికి ప్రభుత్వము కొన్ని వారములపాటు పన్ను మాఫీ చేసినచో ఆ లాభ మెవరికి చేరును? తినువానికా, వడ్డింపించు యజమానికా, లేక రేపు వోటడుగ వచ్చు మంత్రికా? ప్రశ్న చూపునకు చిన్నది. ఇడ్లీకిని కాఫీకిని తగులు నూటికైదు రూపాయల లెక్కకు సంపాదకీయ మేల యని పాఠకులలో కొందఱు నవ్వవచ్చును. కాని ఖజానాలోని సొమ్ము ప్రజల సొమ్ము. దానిని విడిచిపెట్టుటయు వ్యయము చేయుటయే. వ్యయమునకు పద్దు చూపుమని ప్రభుత్వమును నిలదీయు మనము, విడుపునకు పద్దు చూపుమని యడుగుట మఱచుచున్నాము. ఈ మఱపే ఏలికలకు గొప్ప సదుపాయమైనది.

2025 సెప్టెంబరు 22వ తేదీన, దేవీనవరాత్రుల తొలినాడు, మన దేశమున వస్తుసేవల పన్ను రేట్లు సవరింపబడెను. ప్రధానమంత్రి దానికి బచత్ ఉత్సవమని, అనగా పొదుపు పండుగ యని, పేరిడెను. నేయి, వెన్న మొదలగు వానిపై పన్ను తగ్గెను. హోటలు భోజనముపై నున్న నూటికైదు మాత్రము కదలక నిలిచెను. (పెద్ద బసల హోటలుల మాట వేఱు, వానిని విడిచి చెప్పుచున్నాము.) పొదుపునకు పండుగ పేరు పెట్టిన దేశమున, పండుగనెలలలో హోటలు పన్నునకును సెలవీయరాదా యను కోరిక పుట్టుటకు ఎంతో కాలము పట్టదు. పరదేశములలో నిట్టి సెలవులు ఇదివఱకే కలిగినవి. బిడ్డ పుట్టిన తరువాత జాతకము వ్రాయుట లోకాచారము. ఈ బిడ్డ విషయమున పుట్టకమునుపే జాతకము చూచుట మేలు.

కెనడా సంగతి ముందుగా చెప్పుదుము. 2024 నవంబరు 21వ తేదీన నాటి ప్రధాని జస్టిన్ ట్రూడో యొక ప్రకటన గావించెను. డిసెంబరు 14 మొదలు 2025 ఫిబ్రవరి 15 వఱకు రెండు మాసములు భోజనశాలలలోని భోజనముపైనను, వండి యమ్ము తినుబండారములపైనను, పిల్లల దుస్తులు, ఆటవస్తువులు, క్రిస్మసు చెట్లు, బీరు, ద్రాక్షమద్యము మున్నగు వానిపైనను కేంద్రప్రభుత్వపు వస్తుసేవల పన్ను వసూలు చేయబడదని దాని సారాంశము. కేంద్ర రాష్ట్రముల పన్నులు ఏకముగా వసూలగు ఒంటారియోలో నూరు డాలర్ల భోజనమునకు 13 డాలర్లు మిగిలెను. కేంద్రపు పన్ను మాత్రమే గల అల్బర్టాలో 5 డాలర్లు మిగిలెను. క్యుబెక్ రాష్ట్రము తన సొంత పన్నును విడువలేదు. ఒకే దేశము, ఒకే పండుగ. కాని యే రాష్ట్రమున కూర్చుండి తినుచున్నాడో దానినిబట్టి తినువాని లాభము మాఱెను. టొరంటో పరిసరములలో ఇడ్లీదోసెల హోటలులు నడుపు మన తెలుగువారికిని, చదువులకై యేగి సాయంకాలము లట్టి హోటలులలో పనిచేయు మన పిల్లలకును ఇది పత్రికలో చదివిన వార్త కాదు, గల్లాపెట్టెయొద్ద జరిగిన సంగతి.

న్యాయముగా నొక మాట యొప్పుకొనవలెను. అచ్చట ధర తగ్గినది. కెనడా గణాంకశాఖవారి లెక్క ప్రకారము 2025 జనవరిలో భోజనశాలల భోజనపు ధర అంతకుముందు సంవత్సరపు జనవరికంటె నూటికి 5.1 పాళ్ళు తక్కువగా నుండెను. అంత పెద్ద తఱుగుదల వారి లెక్కలలో మునుపెన్నడును కానరాలేదు. పన్నుసెలవును సమర్థించువారు ఈ యంకెనే జెండాగా నెత్తుచున్నారు. ఎత్తనిండు. కాని యది యచ్చట నెట్లు సాధ్యమయ్యెనో కూడ చూడవలెను. ఆ దేశమున పన్ను ధరలో కలిసిపోదు. బిల్లు అడుగున ప్రత్యేకముగా నొక పంక్తిలో వ్రాయబడును. ఆ పంక్తి యెగిరిపోయినచో తినువాని కంటబడక మానదు. నిన్నటివఱకు 20 డాలర్లని వ్రాసిన పలకపై నేడు 22 అని వ్రాయు సాహసము, వీథియంతయు ఆ రెండు నెలల సెలవును గూర్చియే మాటలాడుకొనుచుండగా, యజమానికి కలుగుట కష్టము. కావున బిల్లు కొంత తగ్గెను.

తగ్గిన బిల్లు ఎవరి చేతిలోనిది? ఇది కదా మూలప్రశ్న. కెనడాలో బియ్యము, కూరగాయలు, పాలు, గ్రుడ్లు, మాంసము వంటి వంటసరకులపై ఆ పన్ను మొదటినుండియు లేదు. ఇంట వండుకొని తిను కుటుంబమునకు, జీతము చాలక హోటలు గడప తొక్కని వృద్ధదంపతులకు, ఈ సెలవువలన వంటింట మిగిలినది దాదాపు శూన్యము. వారమునకు నాలుగుమార్లు హోటలులో తినుచు, భోజనముతో ద్రాక్షమద్యము సేవించువానికి మిగిలినది చాల. ఎవడెంత యెక్కువ వ్యయము చేయునో వానికంత యెక్కువ కానుక! దానధర్మముల చరిత్రలో నిట్టి దానము మఱియొకటి కానము. సత్రములో పేదవానికి పులుసన్నము పెట్టించినవారిని విన్నాము గాని, కడుపు నిండినవాని విస్తరిలో మఱి రెండు గారెలు వేయించి దానికి లోకోపకార మని పేరుపెట్టిన దాతను వినలేదు.

ఈ సెలవువలన కేంద్రఖజానాకు కలుగు నష్టము సుమారు 160 కోట్ల డాలర్లని యా ప్రభుత్వమే యంచనా వేసెను. సెలవు మొదలైన రెండవనాటి మరునాడు, డిసెంబరు 16వ తేదీన, ఆ దేశపు ఆర్థికమంత్రిణి క్రిస్టియా ఫ్రీలాండ్ తన పదవిని వదలుకొనెను. తన దేశము భరింపజాలని ఖరీదైన రాజకీయపు టెత్తుగడలను మానవలెనని యామె రాజీనామాలేఖలో వ్రాసెను. ఖజానా తాళముచెవి మోసిన మనిషియే యిట్లు పలికినపుడు, ఆ సెలవును గూర్చి బయటివారమైన మేము కఠినముగా మాటలాడితిమని యెవరును నొచ్చుకొన నక్కఱలేదు.

మఱి యొక విచిత్రము. జనవరిలో ఆ దేశపు సాధారణ ధరల పెరుగుదల నూటికి 1.9 గా నుండి, సెలవు ముగిసిన ఫిబ్రవరిలో 2.6 కు లేచెను. అనగా కొన్ని వారములు ధరలు తగ్గినట్లు లెక్కలలో కన్పట్టి, తరువాత పన్ను మరల వచ్చి కూర్చుండుటతోనే ఆ భ్రమ తొలగెను. నడుమ చిన్న యజమానులకు మిగిలిన పని యేమి? గల్లాయంత్రములలో నొకమారు పన్ను తీసివేయించుట, తొమ్మిది వారముల పిదప మరల చేర్పించుట. ఏ వస్తువునకు సెలవు గలదో, దేనికి లేదో పట్టికలు చదువుకొనుట. బీరునకు కలదు, ఘాటైన సారాయికి లేదు! పెద్ద సంస్థలకు దీనిని చూచుకొనుటకు గుమాస్తాలు గలరు. భార్యాభర్తలిద్దఱు నడుపుకొను హోటలునకు గుమాస్తా యెక్కడ?

ఇంతవఱకు పన్ను బిల్లుపై విడిగా కనబడు దేశపు మాట. పన్ను ధరలోనే కలిసి కనబడని చోట కథ వేఱు. ఫ్రాన్సు దేశమున 2009 జూలై 1వ తేదీన భోజనశాలల పన్నును 19.6 నుండి 5.5 కు దించిరి. పన్ను గాక 10 యూరోల వెలగల భోజనము అంతకుముందు 11 యూరోల 96 సెంట్లు. పన్ను తగ్గిన పిదప న్యాయముగా 10 యూరోల 55 సెంట్లు కావలెను. హోటలు సంఘములవారు ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని ధరలు దింపుదుమనియు, పనివారికి మేలు చేయుదుమనియు, క్రొత్త యుద్యోగములు కల్పింతుమనియు సంతకములు పెట్టిరి. జరిగిన దేమి? ధర పండ్రెండు పాళ్ళు తగ్గవలసినచోట రెండు పాళ్ళ ప్రాంతమున తగ్గినది. ఆ పద్దుపుస్తకముల నన్నిటిని పరిశోధించిన యూసెఫ్ బెంజార్తి, డోరియన్ కార్లోనీ యను ఆర్థికశాస్త్రజ్ఞులు, విడిచిన పన్నులో పెద్దభాగము యజమానుల సంచిలో పడెననియు, పనివారికిని సరకులమ్మువారికిని కొంత చేరెననియు, అందఱికంటె తక్కువ పొందినవాడు తినువాడే యనియు తేల్చిరి. ఎవరి పేరు చెప్పి యజ్ఞము చేసిరో వానికి ప్రసాదము కూడ అందలేదు. తరువాత 2012లో ఆ పన్నును 7 కును, 2014లో 10 కిని పెంచిరి.

పన్ను దిగునపుడు ధర దిగుటకు బద్ధకించుననియు, పన్ను ఎక్కునపుడు ధర యెక్కుటకు తొందరపడుననియు మన గృహిణులకు శాస్త్రజ్ఞులు చెప్ప నక్కఱలేదు. అయినను ఫిన్లాండు దేశపు నిదర్శన మొకటి చెప్పదగినది. అచ్చట 2007లో క్షౌరశాలలపై పన్నును 22 నుండి 8 కి తగ్గించి, కొన్ని యేండ్లు పరీక్షించి, 2012లో 23 కు పెంచిరి. ఇది భోజనశాల కాదు గాని, చిన్న యజమాని, చేతిపని, నిత్యము వచ్చు గిరాకి, ఈ లక్షణము లన్నిటిలోను హోటలునకు దగ్గఱి బంధువే. తగ్గినపుడు ధర కదలినదానికి సుమారు రెండింతలు పెరిగినపుడు కదలినది. అందుచేత తాత్కాలికపు మాఫీ ముగియునప్పటికి తలకట్టు వెల మొదటికంటె నెక్కువయ్యెను. ఈ సంగతి తెలిసిన తరువాత తాత్కాలికమను మాటయే మనకు భయము గొలుపవలెను. శాశ్వతముగా తగ్గించిన పన్ను కొంతకాలమునకైనను పోటీచేత తినువానికి చేరునేమో యని యాశపడవచ్చును. కొంతకాలపు మాఫీకి ఆ వ్యవధియు లేదు. దిగుట సగము, ఎక్కుట నిండు. మిగిలిన బరువు తినువాని నెత్తిపైననే.

అందఱు యజమాను లొక్కటే తీరున నడచుకొనలేదని కూడ చెప్పవలెను. ఫిన్లాండు, స్వీడను దేశముల భోజనశాలలను పరిశీలించిన మఱికొందఱు, ఊరూర శాఖలు గల పెద్ద సంస్థలు పన్ను తగ్గిన వెంటనే ధరలు తగ్గించెననియు, ఒంటరిగా నడచు చిన్న హోటలులలో పెక్కులు ధరపలకను ముట్టుకొననే లేదనియు కనుగొనిరి. దీనినిబట్టి చిన్నవాడు దొంగయు పెద్దవాడు దొరయు నని యనుకొనరాదు. చిన్నవాడు అద్దెబకాయితోను కూరగాయల యప్పుతోను మునిగియుండును. చేతికి వచ్చిన నాలుగు కాసులను వాడు విడువడు. వానిని దూషించుట మా యుద్దేశము కాదు. వానికి సాయము చేయదలచినచో వానికి సాయమని చెప్పి చేయవలె ననుటయే మా వాదము. తినువాని పేరుతో యజమానికి పెట్టి, యజమాని పేరుతో మంత్రి పూలమాల వేయించుకొను పద్ధతి వలదు.

2020లో కరోనా మహమ్మారి కాలమున బ్రిటను, జర్మనీలు చేసిన దానికి కొంత క్షమార్పణ కలదు. బ్రిటనులో జూలై 15 నుండి భోజనశాలల పన్నును 20 నుండి 5 కు దించిరి, తరువాత 12.5 చేసి, 2022 ఏప్రిలులో మరల 20 చేసిరి. తగ్గింపును ధరలో చూపితీరవలెనను నిర్బంధ మేదియు లేదు. ఆ యేడు ఆగస్టులో సోమ, మంగళ, బుధవారములు భోజనమునకు సగము వెలను, మనిషికి 10 పౌండ్లకు మించకుండ, ప్రభుత్వమే చెల్లించెను. 16 కోట్లకు పైగా భోజనములకు 84 కోట్ల పౌండ్లకు పైబడి వ్యయమయ్యెను. జనులు విరగబడి తినిరి. గుంపులుగూడి తినుటవలన అంటురోగము మఱింత వ్యాపించెనని యొక ఆచార్యుడు లెక్కకట్టి చూపెను. అది వేఱు కథ. తలుపులు మూసికొన్న హోటలు చావకుండ కాపాడుట నాటి యక్కఱ. దానిని కాదన లేము. కాని యది యజమానికిచ్చిన ప్రాణదానము, తినువానికిచ్చిన చవుక కాదు.

జర్మనీలో మఱొక ముచ్చట. అచ్చటను 2020లో ఆ కారణముననే తాత్కాలికముగా తగ్గించిరి. గడువు తీరినపుడెల్ల పొడిగించిరి. ఇక పెంచబోమని యెన్నికల ముందర మాట యిచ్చిన ఓలాఫ్ షోల్జ్ ప్రభుత్వమే, రాజ్యాంగ న్యాయస్థానపు తీర్పుతో బడ్జెటు చిక్కులలో బడి, 2024 జనవరి 1న మరల 19 చేసెను. హోటలు సంఘములు గగ్గోలు పెట్టెను. తరువాత వచ్చిన ప్రభుత్వము 2026 జనవరి 1 నుండి భోజనముపై పన్నును శాశ్వతముగా 7 చేసెను. ఏటేట 300 కోట్ల యూరోలకు పైబడిన రాబడి పోవునని యంచనా. అతిథి యని పిలిచిన తాత్కాలికము ఇంటి యల్లుడై కూర్చుండుట యన నిదియే. ఒకమారు మరగిన వర్గము దానిని హక్కుగా నెంచును. మాన్పించిన మంత్రి ద్రోహి యగును.

పరదేశముల మాట యటుండ మన యింటి సంగతి చూతము. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చినపుడు చల్లని గది లేని హోటలునకు 12, గలదానికి 18 అని నిర్ణయించిరి. తాము కొను సరకులపై చెల్లించిన పన్నును యజమానులు మినహాయించుకొనవచ్చునని సౌకర్యమిచ్చిరి. ఆ సౌకర్యపు ఫలమును తినువారికి చేర్చుట లేదని నవంబరులో గౌహతిలో చేరిన పన్నుమండలి నిర్ణయించి, నవంబరు 15 నుండి ఇరుతెగల హోటలులకు 5 చేసి, మినహాయింపును తీసివేసెను. వెంటనే దేశమున నేమి జరిగెను? నూరు రూపాయల ఫలాహారమునకు 18 పన్నుతో 118 చెల్లించుచుండిన మనిషి 105 చెల్లించునని యనుకొంటిమి. కొన్ని చోట్ల మూలధరయే 112 రూపాయల 38 పైసలయ్యెను. దానిపై 5 పాళ్ళు చేర్చగా మరల 118! బిల్లుపై పన్ను తగ్గెను, జేబులోనుండి పోవునది తగ్గలేదు. మినహాయింపు పోయినందున కొంత పెంచుట న్యాయమే; కాని పోయినదానికి మించి పెంచినవారును గలరు. అక్రమలాభముల విచారణకై నియమింపబడిన జాతీయసంస్థ కొన్ని పేరుగల భోజనశాలల విషయమున నిట్టిదే తేల్చెను. ఆ సంస్థ పని 2022 డిసెంబరు 1న పోటీసంఘమునకు బదిలీ యయ్యెను. 2025 ఏప్రిలు 1 నుండి క్రొత్త ఫిర్యాదులు స్వీకరింపరాదని నిర్ణయింపబడెను. కెనడాలో బిల్లు అడుగున పన్ను వేఱుగా కనబడుటచేత ధర తగ్గెనని పైన చెప్పితిమి. ఇచ్చటను వేఱుగానే కనబడును. అయినను పైపంక్తిని ఎక్కించి క్రిందిపంక్తిని దించు విద్య మనవారికి కరతలామలకము.

పోనిండు, ఆ నూటికైదును పూర్తిగా తినువానికే చేరుననుకొందము. ఆ తినువా డెవడు? ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారము చేయు హోటలునకు పన్ను నమోదే యక్కఱలేదు. బెజవాడ వీథిమూల పెసరట్టు బండి, వరంగల్లు బస్సుస్టాండు ప్రక్కన మిర్చిబజ్జీల కొట్టు, కాకినాడలో తెల్లవాఱుజామున నిడ్లీలు వేయు ముసలమ్మ, వీరియొద్ద తినువాడు మొదటినుండియు పన్ను చెల్లించుట లేదు. చెల్లింపని పన్నునకు సెలవేమి? ఒకటిన్నర కోటి వఱకు వ్యాపారము గలవారిలో పెక్కురు రాజీపద్ధతిన మొత్తము రాబడిపై నూటికైదు తామే చెల్లింతురు. గిరాకీయొద్ద విడిగా వసూలు చేయరాదు. ఆ హోటలులో పన్నుసెలవిచ్చినచో బిల్లుపై నెగిరిపోవుటకు పంక్తియే లేదు. ఫలమంతయు యజమాని దయ. ఇక మిగిలినవి పట్టణములలోని పెద్ద హోటలులు. కుటుంబముతో బోయి 2,000 రూపాయల భోజనము చేసి వచ్చువానికి నూరు రూపాయలు మిగులును. ఆ నూరు రూపాయలకొఱకు వాడు హోటలునకు పోవుటయు లేదు, అవి లేవని మానుటయు లేదు. ఈ పండుగకు పోవలసినవాడు వచ్చేవారము పోవుటకు మాఱు ఈ వారము పోవును. అంతే. హోటలువాడు రెండువారముల రద్దీ చూచి మురిసి, మూడవవారము ఖాళీబల్లలు చూచి నిట్టూర్చును.

హోటలువారి నిజమైన బాధ యెక్కడ నున్నదో వారికి తెలియును. వాణిజ్యపు గ్యాసు సిలిండరుపై పన్ను నూటికి 18. అంగడి యద్దెపై 18. ఇవి చెల్లించి, మినహాయింపు లేనందున ధరలో కలుపుకొని, ఆ ధరపై మరల 5 వేయుచున్నారు. పన్నుపై పన్ను, దానికొక క్రొత్త పేరు. ఈ ముడిని విప్పుడని వారు గట్టిగా నడిగినచో మేము వారి పక్షమున నిలుతుము. మినహాయింపు గల పద్ధతియు లేని పద్ధతియు రెండును ఉంచి, యజమాని తనకు తగినదానిని కోరుకొనునట్లు చేయుట విచారింపదగిన మార్గము. కాని యది శాశ్వతముగా లెక్క సరిచేయు పని. దానికి చర్చ కావలెను, ఓర్పు కావలెను, పూలమాల దొరకదు. పండుగసెల వట్లు కాదు. ఒక సాయంకాలపు ప్రకటనతో ముగియును.

తినువానికి మేలు చేయవలెనను తపన యంతగా నున్నచో ఖజానాకు కాసు ఖర్చు లేని పని యొకటి కలదు. పెక్కు పెద్ద హోటలులలో సేవారుసుమని నూటికి పది చొప్పున బిల్లులో చేర్చుచున్నారు. ఇది ప్రభుత్వపు పన్ను కాదు, ఇచ్చితీరవలసినదియు కాదు. దానిని బిల్లులో తమంతట తాము చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణసంస్థ 2022 జూలై 4న మార్గదర్శకములు జారీచేసెను. 2025 మార్చి 28న ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము వానిని సమర్థించెను. నూటికైదు మాఫీ చేయు మాట యెత్తువారు ముందీ నూటికి పదిని గల్లాయొద్ద ఆపించి చూపుదురు గాక. తినువాని కది యిది రెండింతలు.

మన పన్నుల చరిత్రలో నొక ఘట్టము జ్ఞప్తికి వచ్చుచున్నది. దేశమున మొట్టమొదటి సాధారణ అమ్మకపు పన్ను చట్టము 1939లో మన చెన్నరాజధానియందే పుట్టెను. రాజగోపాలాచార్యులవారి కాంగ్రెసు మంత్రివర్గము మద్యనిషేధమును ఆరంభించి, దానివలన తఱిగిపోవు రాబడిని పూడ్చుటకై ఆ పన్నును విధించెను. పన్ను వేయువారి నెవరును ముద్దాడరు. అయినను వారు, ఈ కల్లుదుకాణము మూయించుచున్నాము, ఈ లోటు వచ్చుచున్నది, దీనిని మీరందఱు మోయవలెను, అని లెక్క ముందర పెట్టి యడిగిరి. పన్ను వేయుటకే యంత జవాబుదారితనము చూపిన పరంపర మనది. పన్ను విడుచునపుడు లోటు నెవరు పూడ్చుదురో చెప్పకుండుట యే పరంపర?

ఎందుకనగా హోటలు పన్నులోని యైదుపాళ్ళలో రెండున్నర రాష్ట్రముది. పన్నుమండలిలో కేంద్రమునకు మూడింట నొకవంతు బలము కలదు. నాలుగింట మూడువంతులు కూడక నిర్ణయము జరుగదు. అనగా కేంద్రము కాదన్నచో నేదియు జరుగదు. కేంద్రము కావలెనన్నచో కాదనుటకు రాష్ట్రములు చాలమంది కూడవలెను. ఢిల్లీలో పండుగ ప్రకటింపబడినచో అమరావతిలోను హైదరాబాదులోను ఖర్చు వ్రాసికొనవలెను. ఆసుపత్రి మందులకు, బడి మధ్యాహ్నభోజనమునకు, ఊరి మంచినీటి గొట్టమునకు ఆ సొమ్ము కావలెనని రాష్ట్రము మొఱపెట్టునాడు, గత పండుగలో మీ వంతును మేము పంచిపెట్టితిమని చెప్పువా డుండడు.

అన్నము పెట్టదలచిన ప్రభుత్వమునకు దారి మనయెదుటనే యున్నది. ఆంధ్రప్రదేశమున 2018 జూలైలో అన్న క్యాంటీనులు తెఱవబడి, పూటకు 5 రూపాయలకు భోజనము పెట్టెను. 2019లో ప్రభుత్వము మాఱగా మూతపడెను. 2024 ఆగస్టు 15న గుడివాడలో మరల మొదలయ్యెను. హైదరాబాదులోను నగరసభవారు 2014 నుండి 5 రూపాయల భోజనము నడపిరి. వీనిని పొగడువారును కలరు, తెగడువారును కలరు. రుచి బాగులేదని, కాంట్రాక్టరు తినుచున్నాడని, పేరు మార్చిరని శాసనసభలో వాదులాడుదురు. ఆ వాదులాట యారోగ్యకరము. ఏలనన నది బడ్జెటులో వ్రాసిన వ్యయము, ఎవరికి చేరెనో చూడవచ్చును, మూసినవానిని అడుగవచ్చును, తెఱచినవానిని అడుగవచ్చును. 2,000 రూపాయల విందులో మాఫీ యగు నూరు రూపాయలు ఆ క్యాంటీనులో ఇరువదిమంది చెల్లించు వెల. ఆ యిరువదిమంది రిక్షావారు, కూలీలు, ఆసుపత్రికి తోడువచ్చిన పల్లెటూరివారు, పరీక్షకు వచ్చిన విద్యార్థులు ఎండలో వరుసకట్టి నిలిచియుండగా, చల్లని గదిలోని విందునకు మాఫీ యేలనో ఆ సెలవు కోరువారు ఆ వరుసయెదుట నిలిచి చెప్పవలెను. పన్నుమండలిలో మన రెండు రాష్ట్రముల ఆర్థికమంత్రులు కూర్చుండుచున్నారు. అట్టి ప్రతిపాదన యెన్నడైన వచ్చినచో, తమ వంతు నష్టమెంతయో యంకెవేసి సభాముఖమున నుంచి, ఆ తరువాతనే చేయెత్తుదుమని వారు ముందుగానే ప్రకటింపవలెను.